పోస్ట్‌మార్టం, ల్యాబ్ రిపోర్టులు చదివి చెప్పే డాక్టర్ గారు, శ్రీకాకుళం (5కి 4)

ఏడు రోడ్ల జంక్షన్ నుంచి నడిచెళ్ళిపోవచ్చు, బోర్డు ఏటీ ఉండదు. ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠాలు చెప్పి రిటైరయిన డాక్టర్ గారు, పోస్ట్‌మార్టం రిపోర్టు, విశాఖ ల్యాబ్ నుంచి వచ్చే టాక్సికాలజీ రిపోర్టు (ఒంట్లో ఏ విషం, ఏ మందు ఎంతుందో చెప్పేది) ముందేసుకుని మనకి అర్థమయ్యేలా చెప్తారు, కావాలంటే ఒపీనియన్ కూడా రాసిస్తారు. మాకు లాయర్ గారు చెప్తేనే తెల్సింది.

మా మావయ్య రాత్రి పడుకుని పొద్దున్న లేవలేదు. షుగర్ వల్ల కాళ్ళ మంటలకి అమిట్రిప్టిలిన్ ఏళ్ళ తరబడి వాడేవారు. రిపోర్టులో ఆ మందు లెవెల్ ఎక్కువుందని వచ్చింది, ఇంకేటుంది, ఇన్సూరెన్స్ వాళ్ళు మాత్రలు మింగీసారని తేల్చీసారు. పాలసీ తీసుకుని ఏడాది నిండలేదు, ఆత్మహత్యైతే క్లెయిమ్ పోయినట్టే కదా. డబ్బుల సంగతి అలా ఉంచితే ఊర్లో ఆ మాటలు పడడం అత్తకి ఇంకా కష్టమైపోయింది.

డాక్టర్ గారు అంకె జోలికే వెళ్ళలేదు ముందు. "రక్తం ఎక్కడ్నించి తీసారో చూపించు బాబూ" అన్నారు. చూస్తే గుండె నుంచి. అదీ అసలు సంగతి. ఈ మందు బతికున్నప్పుడు రక్తంలో కొంచెమే తిరుగుతాది, లివర్లో, ఊపిరితిత్తుల్లో, గుండె కండరంలో ఎక్కువ పేరుకునుంటాది, ప్రాణం పోయాక అక్కడ్నించి పక్కనున్న రక్తంలోకి దిగిపోతాది, అందుకని మనిషి పోయినప్పుడు లేని లెవెల్ పోస్ట్‌మార్టం టైముకి కనిపించొచ్చు. తొడ దగ్గర సిర నుంచి తీసిన రక్తం అయితే చాలా నయం, అదీ నూటికి నూరు పాళ్ళు కాదనుకోండి. మా కేసులో అది తియ్యనేలేదు. నేను ఫోన్లో మిల్లీలీటరు రక్తానికి 80 నుంచి 200 నానోగ్రాములు మామూలని చూపించబోతే, అది ట్రీట్‌మెంట్లో ఉన్న బతికున్నోళ్ళ లెక్క, శవం రక్తానికి తెచ్చి పెట్టీకు అన్నారు. కొందరి ఒంట్లో ఈ మందు నెమ్మదిగా విరుగుతాదట, వాళ్ళకి మామూలు డోసుకే లెవెల్ పెరుగుతాదట.

తర్వాత నార్ట్రిప్టిలిన్ చూసారు, ఇది మన ఒళ్ళు ఆ మందుని మారిస్తే వచ్చేది. గుప్పెడు మింగి తొందరగా పోతే అసలు మందు బాగా ఎక్కువుండి ఇది తక్కువుంటాది, రోజూ వాడేవాళ్ళకి ఇదీ బాగానే ఉంటాది. మావయ్యకి రెండూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. కడుపులో మాత్రల ఆనవాలు లేదు. పంచనామాలో స్ట్రిప్పుల లెక్క రాసారా అని వెతికారు, రాయలేదు, దానికి పోలీసుల్ని నాలుగు తిట్లు. చివరికి ఎవరూ పట్టించుకోని ఒక లైను మీద వేలు పెట్టారు, గుండె రక్తనాళాల్లో పూడిక ఉందని పోస్ట్‌మార్టంలోనే ఉంది!

నాకు నచ్చింది ఏటంటే, మేం ఎంత బతిమాలినా గుండెపోటే అని రాయలేదు. మందు వల్లే పోయారనడానికి ఈ కాగితాలు చాలవు, గుండె జబ్బు కారణం అయ్యుండొచ్చు, అంతవరకే రాసారు. అడిగింది రాసిచ్చేవాళ్ళ దగ్గరికెళ్తే కోర్టులో ఒక్క ప్రశ్నకి పోతాది.

మా ముందు కూర్చున్నోళ్ళది పురుగుమందు కేసు, రిపోర్టులో అట్రోపిన్ వచ్చిందని ఎవరో ఇంకో విషం పెట్టారని గొడవ. ఆస్పత్రిలో విరుగుడుగా ఎక్కించిన మందే అది, కేస్ షీట్ తెస్తే రెండు నిమిషాల్లో తేలిపోయింది. అలాగే వారం వెంటిలేటర్ మీదుండి పోయినోళ్ళకి రిపోర్టులో ఏమీ దొరక్కపోతే విషం తాగలేదని కాదు, అప్పటికి ఒంట్లోంచి వెళ్ళిపోయుంటాది అంతే.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే ఫీజు గట్టిగానే ఉంది, ఫోన్‌పే లేదు, టైమిచ్చి కూడా చాలాసేపు కూర్చోబెట్టారు, ఏడుస్తున్న మనిషి ముందు శవం, కుళ్ళు అని మొహమాటం లేకుండా మాట్లాడతారు, అత్తని తీసుకెళ్ళకపోవడమే మంచిదయింది. క్లెయిమ్ ఇంకా తేల్లేదు, ఆయన లెటర్ పెట్టి మళ్ళీ పరిశీలించమని అడిగాం. వెళ్ళేవాళ్ళు ఎఫ్ఐఆర్, పంచనామా, ఆస్పత్రి కేస్ షీట్, వాడే మందుల చీటీలు అన్నీ పట్టుకెళ్ళండి, ఒక్క ల్యాబ్ రిపోర్టే పట్టుకెళ్తే వెనక్కి పంపీస్తారు.