క్యారవాన్ టాప్ మీద లాంగ్ రేంజ్ వైఫై యాంటెన్నా: ఎండకాలం, వానకాలం రెండూ చూశాక

యాంటెన్నాకు పెట్టిన పైసలు దండగ కాలేదు. అదే డబ్బాలో వచ్చే ఐదు మీటర్ల యూఎస్‌బీ కేబుల్‌ను మాత్రం చుట్ట విప్పకుండానే పక్కన పడేయండి. ఈ సమీక్షలో పెద్ద భాగం ఆ కేబుల్ గురించే. ఈ రకం కిట్ కొని విసిగిపోయినవాళ్లు తిట్టేది యాంటెన్నాను, చెడగొట్టేదేమో తీగ.

టెంపో ట్రావెలర్‌ను క్యారవాన్‌గా మార్పించిన బండి మాది. టాప్ మీద 9 డీబీఐ (యాంటెన్నా సిగ్నల్‌ను ఎంత పెంచుతుందో చెప్పే కొలత, దాన్నే గెయిన్ అంటారు) ఓమ్ని కర్ర, అంటే అన్ని దిక్కులా పట్టేది, దాని అడుగున ఎన్-టైప్ కనెక్టర్‌తో నేరుగా బిగుసుకునే గొట్టం లాంటి రేడియో, అక్కడి నుంచి యూఎస్‌బీ కేబుల్ లోపలికి, లోపల అరచేతి సైజు రౌటర్. రౌటర్ బయటి వైఫైని పట్టుకొని బండి లోపల మన సొంత పేరుతో మళ్లీ పంచుతుంది. ఇదే సరుకు నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి బ్రాండ్ జోలికి పోవట్లేదు.

రేడియో పైనే ఉండటం ఈ డిజైన్‌లో అసలైన తెలివి. రేడియోను లోపల పెట్టి యాంటెన్నా దాకా కోయాక్స్ (డిష్ టీవీ తీగ లాంటి గుండ్రటి కేబుల్) లాగితే సిగ్నల్ దారిలోనే కరిగిపోతుంది. మార్కెట్లో చవగ్గా దొరికే ఆర్‌జీ58 రకం కోయాక్స్, వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు 1 డీబీ తినేస్తుంది. ఐదు మీటర్లు లాగితే 9లో 5 పోయి 4 మిగులుతుంది, ఆ మాత్రానికి రౌటర్‌తో వచ్చే చిన్న కర్రే చాలు. ఎల్ఎంఆర్-400 రకం కోయాక్స్ అయితే మీటరుకు 0.22 డీబీతో సరిపోతుంది గానీ అది 10 మిల్లీమీటర్ల లావు కేబుల్, బండి లోపల చెక్క ప్యానెళ్ల వెనక వంచి తిప్పడం కష్టం. పైనున్న రేడియో నుంచి కిందికి యూఎస్‌బీలో వచ్చేది డిజిటల్ డేటా, అందులో డీబీ లెక్కే లేదు.

అందుకే బాగున్నప్పుడు చాలా బాగుంటుంది. చెరువు గట్టు మీద బండి ఆపి, నీళ్లకు అవతల ఉన్న రిసెప్షన్ వైఫైని 300 మీటర్ల దూరం నుంచి పట్టుకుంటే వీడియో కాల్ తెగకుండా నడిచింది. ఫోన్‌లో ఆ వైఫై పేరు కూడా కనబడని చోటది. లక్నవరం, పాకాల లాంటి చోట్ల నీళ్ల మీదుగా చూపు ఆనితే సిగ్నల్ కూడా ఆనుతుంది.

ఇక కేబుల్ సంగతి. ఎండలు ముదిరాక ఒక విచిత్రం మొదలైంది. పొద్దుగాల అంతా సాఫీ. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే కనెక్షన్ నిలబడదు, నాలుగింటికి మళ్లీ దానంతటదే వస్తుంది. స్కాన్ చేస్తే చుట్టుపక్కల వైఫై పేర్లన్నీ మంచి సిగ్నల్‌తో కనబడతాయి. కనెక్ట్ నొక్కగానే ఐపీ అడ్రస్ దగ్గర ఆగి పడిపోతుంది. రౌటర్ లాగ్ తెరిస్తే యూఎస్‌బీ డిస్‌కనెక్ట్, మళ్లీ కనెక్ట్ అని వరుసగా లైన్లు. దుకాణం సలహా ఒక్కటే: 12 డీబీఐ కర్ర వేసుకోండి. వేసినా అదే తంతు, ఎందుకంటే రేడియోకు చెవి బాగానే ఉంది, గొంతు పెగలడం లేదు.

వేడికి రేడియో చెడిందేమో తేల్చడానికి గొట్టం మీద తడి గోనె సంచి కప్పినా డ్రాప్ ఆగలేదు. రౌటర్‌లో ట్రాన్స్‌మిట్ పవర్‌ను 27 నుంచి 20 డీబీఎంకు (రేడియో పంపే పవర్ కొలత) తగ్గించగానే ఆగింది. అంటే గొడవ కరెంటు దగ్గర. మూడు నాలుగు వందలకు దొరికే యూఎస్‌బీ మీటర్‌ను కేబుల్ పై కొసన, రేడియోకు ముందు పెట్టి చూస్తే బండారం బయటపడింది: ఊరికే స్కాన్ చేస్తున్నప్పుడు 4.6 వోల్టులు, డేటా పంపడం మొదలవగానే 3.9. రౌటర్ దగ్గర మాత్రం చక్కగా 5.

లెక్క చూడండి. డబ్బాలోని కేబుల్‌లో పవర్ తీగలు 28 గేజ్‌వి (గేజ్ నంబరు పెరిగితే తీగ సన్నబడుతుంది). ఆ సైజు రాగి మీటరుకు 0.21 ఓం. ఐదు మీటర్లు పోను, ఐదు మీటర్లు రాను, మొత్తం 2.1 ఓం. వినేటప్పుడు ఈ రేడియో 0.2 ఆంపియర్ లాగుతుంది, పోయేది 0.4 వోల్టు. పంపేటప్పుడు అర ఆంపియర్, పోయేది 1 వోల్టుకు పైనే. అందుకే పేర్లన్నీ కనబడతాయి, కనెక్షన్ మాత్రం కుదరదు. మధ్యాహ్నమే ఎందుకంటే, నల్ల కేబుల్ ఎండలో కాలిన రేకును ఆనుకొని ఉంటుంది, రాగి వేడెక్కిన కొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి 65కు పోతే దాదాపు 18 శాతం ఎక్కువ. పొద్దుగాల అంచు మీద నడిచే రేడియో మధ్యాహ్నానికి అంచు దాటుతుంది. రామగుండం, మంచిర్యాల వైపు ఎండల్లో తిరిగే బండికి ఇది తప్పదు. చలికాలంలో కొన్నవాళ్లకు ఐదు చుక్కల రేటింగ్ ఎందుకు ఇవ్వాలనిపిస్తుందో ఇప్పుడు అర్థమవుతోంది.

దీనికి విరుగుడు మూడు రకాలు. మొదటిది కేబుల్ మార్చడం. కేబుల్ తోలు మీద సన్న అక్షరాలు చదవండి: 28ఏడబ్ల్యూజీ/1పీ, 24ఏడబ్ల్యూజీ/2సీ అని ఉంటే డేటా జత 28, పవర్ జత 24 గేజ్ అని. 24 గేజ్‌తో అదే ఐదు మీటర్లకు 0.84 ఓం, అర ఆంపియర్‌కు 0.42 వోల్టు మాత్రమే పోతుంది. 28 ఒక్కటే రాసి ఉన్నా, ఏమీ రాసి లేకపోయినా తీసుకోవద్దు. రెండోది, బండి 12 వోల్టుల లైనును 1 ఆంపియర్ ఫ్యూజుతో టాప్ దాకా తీసుకెళ్లి, అక్కడ నీళ్లు దూరని 5 వోల్టుల కన్వర్టర్ పెట్టడం. అప్పుడు యూఎస్‌బీ కేబుల్‌లో ఎర్ర తీగను తెంపాలి, నల్లది ఉంచాలి. ఎర్రది తెంపకపోతే పై కరెంటు వెనక్కి రౌటర్‌లోకి ఎక్కుతుంది. మూడోది అన్నిటికన్నా సులువు: రౌటర్‌ను డ్రైవర్ వెనక అల్మారాలో కాకుండా టాప్ రంధ్రం కిందే పైఅరలో పెడితే మీటరున్నర కేబుల్ చాలు, అప్పుడు సన్నతీగ కూడా బతికిపోతుంది. మా బండిలో నిలిచింది ఇదే, కేబుల్ కూడా 24 గేజ్‌దే. ఎండకాలం డ్రాప్‌లు పోయాయి.

డబ్బా మీద 2 వాట్ల పవర్ అని రాసి ఉంటే నవ్వి ఊరుకోండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేదే 5 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లు, అంటే మొత్తం 2.5 వాట్లు. అందులో రేడియో తన పని తాను చేసుకొని 2 వాట్లు గాలిలోకి పంపడం జరగని పని. పైగా చట్టం ఒకటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005 నుంచి ఉన్న పరిమితి రేడియోకు 1 వాటు, యాంటెన్నా గెయిన్ కలుపుకొని 4 వాట్లు, అంటే 36 డీబీఎం. 30 డీబీఎం, అంటే 1 వాటు రేడియోకు 9 డీబీఐ కర్ర తగిలిస్తే 39 అవుతుంది. కాబట్టి పవర్‌ను 27కు దించడమే రూలు. దించినా నష్టమేమీ లేదు. యాంటెన్నా గెయిన్ వినడానికీ పంపడానికీ రెండింటికీ పనికొస్తుంది, వాట్లు పంపడానికే. అవతలి రౌటర్ 0.1 వాటుతో గొణుగుతుంటే మీరు 1 వాటుతో అరిచి లాభం లేదు.

ఇంతసేపు 9 డీబీఐని పొగిడాను, దానికో షరతు ఉంది. ఓమ్ని కర్ర గెయిన్ ఊరికే రాదు, పైకీ కిందికీ పోయే సిగ్నల్ పుంజాన్ని నొక్కి పలచగా చేస్తే వస్తుంది. 9 డీబీఐలో ఆ పుంజం మందం 15 డిగ్రీల అటూఇటూ, 12 డీబీఐలో 7 డిగ్రీలు. ములుగు వైపు గుట్టల దగ్గర చదును జాగా దొరకడం అరుదు. బండి ఒక పక్కకు 8 డిగ్రీలు వాలితే వాలిన వైపు పుంజం నేలకు తగులుతుంది, ఎదురు వైపుది ఆకాశం చూస్తుంది. అలాంటి చోట పాత 5 డీబీఐ కర్ర దీనికన్నా మెరుగ్గా పనిచేసింది. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి, టైరు కింద చెక్క దిమ్మె వేస్తే 9 మళ్లీ తన సత్తా చూపిస్తుంది. 12 డీబీఐ మాత్రం బండికి పనికిరాదు, అది మేడ మీద కదలకుండా ఉండాల్సిన వస్తువు.

అడవిలో ఆశ పెట్టుకోవద్దు. తాడ్వాయి, ఏటూరునాగారం దారిలో టేకు చెట్లు ఫాల్గుణ, చైత్ర మాసాల్లో ఆకు రాల్చి బోసిగా ఉన్నప్పుడు అందిన వైఫై, శ్రావణంలో పళ్లెమంత ఆకులు తడిసి వేలాడుతున్నప్పుడు అందదు. 2.4 గిగాహెర్ట్జ్‌కు తడి ఆకు గోడతో సమానం. డబ్బా మీద రాసే కిలోమీటర్లు కూడా కాగితం మీదివే. 500 మీటర్ల దూరానికి మధ్యలో చూపు గీతకు చుట్టూ దాదాపు 4 మీటర్ల మేర ఖాళీ ఉండాలి, బండి మీది కర్రేమో నేలకు 3 మీటర్లు, ఆపైన ఇంకో రెండు అడుగులు. నేలే అడ్డొస్తుంది. లాడ్జి గోడల అవతలి రౌటర్‌కు 100, 150 మీటర్లు నమ్మకం, చూపు ఆనితే 300.

రద్దీలో మరీ దారుణం. మేడారం జాతర రోజుల్లో ప్రతి డేరాలో ఒక ఫోన్ హాట్‌స్పాట్ ఉంటుంది. పెద్ద యాంటెన్నా వాటన్నిటినీ వింటుంది, కావలసిన ఒక్కటి ఆ రొదలో మునిగిపోతుంది. సిగ్నల్ నిండుగా కనబడుతుంది, నెట్ కదలదు. బండి లోపలి రౌటర్ వైఫై కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉంటే ఇదే గొడవ పెడుతుంది. లోపలి పంపిణీని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి, అది లేని రౌటర్‌తో వేగం సగానికి పడుతుంది.

వానకు చేయాల్సింది కొంచెమే గానీ తప్పించుకోలేరు. ఎన్-టైప్ జాయింటు మీద సెల్ఫ్ ఫ్యూజింగ్ రబ్బరు టేపును రెట్టింపు పొడవు సాగేలా లాగి, కింది నుంచి పైకి చుట్టాలి, ఇంటి పెంకుల్లా పై పొర కింది పొర మీదికి రావాలి. దాని మీద మామూలు నల్ల టేపు, ఎండకు రబ్బరు పగలకుండా. కేబుల్ రంధ్రంలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు ఇవ్వండి, నీళ్లు అక్కడ జారిపోతాయి. రంధ్రం అంచుకు ప్రైమర్ కొట్టాకే సీలెంట్. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, అది ఉత్త రేకును తుప్పు పట్టిస్తుంది, పాలీయురేథేన్ రకం వాడండి. యూఎస్‌బీ ప్లగ్ మామూలు గ్లాండ్‌లో (కేబుల్ దూరే చోట నీళ్లు రాకుండా బిగించే బిరడా) దూరదు, రెండు ముక్కలుగా విడిపోయే గ్లాండ్ అడగండి. కర్రను మడిచే మౌంట్ మీద పెట్టకపోతే కొమ్మలు మొదటి నెలలోనే విరగ్గొడతాయి.

లాడ్జిల్లో ఓటీపీ వైఫై ఉంటే ఒక్క ఫోన్‌తో లాగిన్ అయితే చాలు, రౌటర్ వెనక ఉన్నవన్నీ నడుస్తాయి. లాగిన్ పేజీ రాకపోతే రౌటర్‌లో సొంత డీఎన్ఎస్ (సైట్ పేరును బట్టి అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) పెట్టి ఉన్నారేమో చూసి ఆటోమేటిక్‌కు మార్చండి. ఓటీపీ రావడానికి సెల్ సిగ్నల్ కావాలి మరి, అదుంటే ఈ తంటా అంతా ఎందుకని మీరు అడగొచ్చు.

అడగాల్సిన ప్రశ్నే అది. మేము ఆగేది ఎక్కువగా బంధువుల ఇళ్ల ముందు, లాడ్జి పార్కింగుల్లో, చెరువు గట్ల మీద. అక్కడ ఎవరిదో ఒకరి వైఫై ఉంటుంది, పాస్‌వర్డ్ అడిగి తీసుకుంటాం, అందుకే మాకు పైసా వసూల్. కాళేశ్వరం దారిలోనో బొగత దగ్గరో రాత్రుళ్లు ఆగేవాళ్లకు దీనికన్నా సిమ్ రౌటర్, దానికి టాప్ మీద 4జీ యాంటెన్నా మేలు. ఆ యాంటెన్నా 698 నుంచి 2700 మెగాహెర్ట్జ్ దాకా పట్టాలి. జియో 850, 1800, 2300లో, ఎయిర్‌టెల్ 900 నుంచి 2300 దాకా నాలుగు బ్యాండ్లలో, బీఎస్ఎన్ఎల్ 700, 2100లో 4జీ ఇస్తున్నాయి. 5జీ కూడా కావాలంటే 3300 పైన ఉన్నదీ అందాలి. కేబుళ్లు రెండు ఉన్నదే కొనండి, ఒక్కటుంటే వేగం సగమే. సిగ్నల్ బూస్టర్ పేరుతో అమ్మే రిపీటర్ల జోలికి పోవద్దు, అవి అనుమతి లేకుండా పెట్టడం నేరం.

ఆర్డర్ చేసే ముందు కనెక్టర్ ఒకటి చూసుకోండి. సిమ్ రౌటర్లకు సాధారణంగా ఎస్ఎంఏ, వైఫై సామానుకు ఆర్‌పీ-ఎస్ఎంఏ. మర ఒకటే కాబట్టి ఒకదాని మీద ఒకటి చక్కగా బిగుసుకుంటాయి. కానీ రౌటర్ వైపు ఎస్ఎంఏలో మధ్యన రంధ్రం, దాని మీద బిగించిన ఆర్‌పీ-ఎస్ఎంఏలోనూ రంధ్రమే, పిన్ను ఎటూ ఉండదు. గట్టిగా బిగిసిందని సంతోషపడతారు, లోపల రాగి రాగికి తగలదు. బిగించే ముందు లోపలికి చూడండి, ఒకవైపు పిన్ను, ఇంకోవైపు రంధ్రం ఉంటేనే సరైన జత.