ఎస్‌ఎస్‌డీ కనబడలేదా? డ్రైవర్ ఎక్కించాలా, వీఎండీ ఆపాలా

విండోస్ ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ పెడితే, ఎస్‌ఎస్‌డీ కనబడాల్సిన చోట జాబితా ఖాళీ! 11వ తరం ఇంటెల్ ల్యాప్‌టాపులు వచ్చినప్పటి నుంచి ఇది మామూలే. డిస్కు పోయిందనుకుని రిపేరుకని శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలికి పరిగెత్తకండి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల మెనూ) వీఎండీ, అంటే ఎస్‌ఎస్‌డీని ఇంటెల్ సొంత పద్ధతిలో నడిపే సెట్టింగ్, ఆన్‌లో ఉంది, ఇన్‌స్టాలర్‌లో దాని డ్రైవర్ లేదు. అంతే. దారులు రెండు: ఆ డ్రైవర్ ఎక్కించడం, లేదా వీఎండీ ఆపడం.

ఖర్చు: దేనికీ పైసా అక్కర్లేదు.

శ్రమ: డ్రైవర్‌కైతే ఇంకో కంప్యూటర్ కావాలి. కంపెనీ సైటులో మీ మోడల్‌కి ఇచ్చిన ఐఆర్‌ఎస్‌టీ (ఆ ఇంటెల్ డ్రైవర్ పేరిదే) ఫైలు దించి, విప్పి, పెన్‌డ్రైవ్‌లో వేసి, ‘లోడ్ డ్రైవర్’ నొక్కి చూపించాలి. సెటప్ ఫైలు ఉన్నదున్నట్టు పెడితే పట్టించుకోదు, ఐఎన్‌ఎఫ్ ఫైలున్న ఫోల్డరే కావాలి. వీఎండీ ఆపడం రెండు నిమిషాల పని. చాలా ఏసర్ మోడళ్లలో మాత్రం ఆ మెనూ దాగుంటుంది, బయోస్‌లో కంట్రోల్-ఎస్ నొక్కితేగానీ బయటపడదు. ఎందుకు దాచారో వాళ్లకే తెలియాలి.

ముప్పు: అసలు తేడా ఇక్కడే. పాత విండోస్ ఉండగా వీఎండీ ఆపితే నీలి తెర వస్తుంది. వీఎండీ మళ్లీ ఆన్ చేస్తే చాలావరకు లేస్తుంది. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, ముందే రాసిపెట్టుకోండి.

అంతా తుడిచి కొత్తగా వేసేవాళ్లు వీఎండీ ఆపేయండి, లినక్స్ వాళ్లకీ అదే సులువు. పాత విండోస్ పక్కనే ఉండాలన్నా, రెయిడ్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడటం) వాడుతున్నా డ్రైవర్ దారే పట్టండి.