బలాలు గీయాలా, శక్తి లెక్క కట్టాలా: ఫిజిక్స్ లెక్కకు ఏ దారి మేలు?

పదిహేను మీటర్ల ఎత్తున్న మేడ మీద నుంచి మూడు రాళ్లు విసిరామనుకోండి. మూడింటినీ సెకనుకు 10 మీటర్ల వేగంతోనే విసిరాం. ఒకటి నిట్టనిలువుగా పైకి, ఒకటి తిన్నగా కిందికి, ఇంకొకటి అడ్డంగా. గాలి అడ్డుపడదు, గురుత్వ త్వరణం 10 అని తీసుకుందాం. నేలను తాకే క్షణంలో ఏ రాయి వేగం ఎక్కువ?

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు సాయంత్రాలు ఫిజిక్స్ చెప్పేటప్పుడు నేను ఈ లెక్కతోనే మొదలుపెడతాను. పిల్లలు వెంటనే రెండు జట్లవుతారు. ఎక్కువమంది గమన సమీకరణాలు తీస్తారు. పైకి వెళ్లేది ప్లస్సా, కిందికి వచ్చేది మైనస్సా అని కాసేపు తర్జనభర్జన పడతారు. చివరికి పైకి విసిరిన రాయి 3 సెకన్లకు, కిందికి విసిరింది 1 సెకనుకు, అడ్డంగా విసిరింది సుమారు 1.73 సెకన్లకు నేల చేరుతుందని తేలుస్తారు. ఆ కాలాలతో వేగాలు కడితే మూడింటికీ 20 వస్తుంది. అడ్డంగా వెళ్లిన రాయికైతే నిలువు వేగం 17.3, అడ్డం వేగం 10 విడివిడిగా కట్టి, వాటి వర్గాలు కలిపి, వర్గమూలం తీయాలి. పేజీ నిండుతుంది.

రెండో జట్టులో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లు రాసేది ఒక్క వరుస: మొదట ఉన్న గతిజశక్తి (కదలిక వల్ల ఉండే శక్తి), స్థితిజశక్తి (ఎత్తు వల్ల ఉండే శక్తి) కలిపితే చివరి గతిజశక్తి. ద్రవ్యరాశి రెండు వైపులా కొట్టేస్తే, మొదటి వేగం వర్గం 100 కి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధానికి రెట్టింపైన 300 కలిపి 400, దాని వర్గమూలం 20. రాయి ఎటు విసిరారన్న మాటే అందులో లేదు.

అది చూడగానే మొదటి జట్టు ముఖాలు చిన్నబోతాయి. "సార్, ఇంత సులువైన దారి ఉండగా మాకెందుకీ తంటాలు?" అంటారు. అప్పుడు నేను రెండో ప్రశ్న అడుగుతాను: మూడు రాళ్లలో ముందు నేల చేరేది ఏది? ఎంత ముందు? ఈసారి రెండో జట్టు చేతిలో ఏమీ ఉండదు. మొదటి జట్టు పేజీలో జవాబు ఎప్పుడో సిద్ధంగా ఉంది.

బలం, త్వరణం, కాలం పట్టుకుని వెళ్లే మొదటి జట్టుది బలాల దారి, రెండో జట్టుది శక్తి దారి. నా దృష్టిలో ఈ రెండు దారుల తేడా అంతా ఇక్కడే కనిపిస్తుంది. శక్తికి దిక్కు లేదు, గడియారం లేదు. అందుకే అది అంత తేలిక, అందుకే కొన్ని ప్రశ్నలకు అది నోరు మెదపదు.

కారణం తెలిస్తే గుర్తుంచుకోవడం సులువు. ఒక వస్తువును కొంతసేపు నెట్టామనుకోండి. బలాన్ని కాలంతో గుణిస్తే వచ్చేది ద్రవ్యవేగంలో, అంటే ద్రవ్యరాశి, వేగాల లబ్ధంలో మార్పు. అదే బలాన్ని, అది నెట్టిన దూరంతో గుణిస్తే వచ్చేది గతిజశక్తిలో మార్పు. నెట్టుడు ఒకటే, కొలిచే తీరు రెండు. ఈ రెండిట్లో ఏది అసలు కొలత అన్నదాని మీద ఐరోపాలో పెద్ద పండితులే దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ద్రవ్యరాశిని వేగంతో గుణించాలని డెకార్ట్ అనుచరులన్నారు. కాదు, వేగం వర్గంతో గుణించాలని 1686లో లైబ్నిజ్ అన్నాడు. ఆ తర్వాత డచ్ శాస్త్రవేత్త గ్రావెసాండె మెత్తని బంకమట్టి మీద ఇత్తడి గుండ్లు పడేసి చూశాడు. వేగం రెట్టింపైతే మట్టిలో పడ్డ గుంట నాలుగింతలైంది. ఫ్రాన్స్‌లో ఎమిలీ దు షాత్లే ఈ ప్రయోగాన్ని పట్టుకుని లైబ్నిజ్ వైపు గట్టిగా వాదించింది. ఇప్పుడు చూస్తే రెండు కొలతలూ సరైనవే. ఒకటి ఎంతసేపు అన్న ప్రశ్నకు, ఇంకొకటి ఎంత దూరం అన్న ప్రశ్నకు.

బండి బ్రేకు లెక్క కూడా బంకమట్టి లెక్కే. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బైకు బ్రేకు వేశాక కొంత దూరం జారి ఆగుతుంది. 80లో ఉంటే అదే రోడ్డు మీద నాలుగింతల దూరం జారుతుంది. ఆగడానికి పట్టే కాలం మాత్రం రెండింతలే. బండి నడపడం నేర్చుకునే వయసు పిల్లలకు నేను ఈ రెండూ పక్కపక్కన కట్టించి చూపిస్తాను. ఈ ఒక్క లెక్క వాళ్లకు జీవితాంతం గుర్తుండాలని నా కోరిక.

శక్తి దారికి తిరుగులేని చోటు బలం మారుతూ ఉండే చోటు. 2 కిలోల దిమ్మ సెకనుకు 3 మీటర్ల వేగంతో వచ్చి స్ప్రింగును గుద్దింది. స్ప్రింగు స్థిరాంకం మీటరుకు 200 న్యూటన్లు. ఎంత నొక్కుకుంటుంది? నేల నున్నగా ఉందనుకుంటే శక్తి దారిలో 9 జూళ్లు స్ప్రింగులోకి వెళ్లాలి. స్థిరాంకంలో సగం, అంటే 100 ను నొక్కుడు వర్గంతో గుణిస్తే 9 రావాలి. కాబట్టి నొక్కుడు 0.3 మీటర్లు, అంటే 30 సెంటీమీటర్లు.

ఈ లెక్కలో పిల్లలు చేసే పొరపాటు నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. స్ప్రింగు బలాన్ని ద్రవ్యరాశితో భాగించి త్వరణం తెస్తారు. దాన్ని తీసుకెళ్లి 'వీ స్క్వేర్ మైనస్ యూ స్క్వేర్ ఈక్వల్ టు టూ ఏ ఎస్' లో పెడతారు. 21 సెంటీమీటర్లు వస్తుంది. చూడ్డానికి నమ్మేలాగే ఉంటుంది, కానీ తప్పు. ఆ సూత్రం త్వరణం మారనప్పుడే పనికొస్తుంది. స్ప్రింగు మొదట మెత్తగా, పోనుపోను గట్టిగా తోస్తుంది. సూత్రం కంఠతా వచ్చిన పిల్లవాడికి ఆ షరతు కంఠతా రాలేదు. ఇది పిల్లల తప్పని నేను అనను. సూత్రాల పట్టీలు అచ్చేసి ఇచ్చేటప్పుడు ఆ షరతును కూడా పక్కనే అచ్చేసి ఇవ్వాలి.

వంకర తిరిగిన జారుడుబల్ల కూడా అంతే. 5 మీటర్ల ఎత్తు నుంచి ఘర్షణ లేని 30 డిగ్రీల వాలు తలం మీద జారితే ఏ దారిలో కట్టినా కింద వేగం 10 వస్తుంది. అదే ఎత్తున్న బల్లను పాములా మెలికలు తిప్పితే బలాల దారిలో అడుగడుక్కీ వాలు మారుతుంది, ఇంటర్ పిల్లలు కట్టలేరు. శక్తి దారిలో మళ్లీ అదే 10. ఎంతసేపట్లో దిగుతామన్నది మాత్రం మెలికల మీద ఆధారపడుతుంది, అది శక్తికి తెలియదు.

ఇక బలాల దారే గెలిచే చోటు. కప్పీ మీద తాడు, ఒక కొసన 3 కిలోలు, రెండో కొసన 2 కిలోలు. 1784లో జార్జ్ అట్‌వుడ్ వివరించిన ఈ అమరిక లేని ఇంటర్ పుస్తకం ఉండదు. ఒక్కో దిమ్మకు విడిగా ఫ్రీ బాడీ డయాగ్రమ్, అంటే దాని మీది బలాలన్నిటినీ బాణాలుగా చూపే బొమ్మ గీస్తే త్వరణం 2, తాడు తన్యత (తాడు లాగే బలం) 24 న్యూటన్లు అని రెండు వరుసల్లో తేలుతుంది. మొత్తం అమరికకు శక్తి లెక్క కట్టండి, వేగం వస్తుంది, అందులోంచి త్వరణం కూడా లాగొచ్చు. తన్యత మాత్రం రాదు. ఒక దిమ్మ మీద తాడు చేసిన పని, ఇంకో దిమ్మ మీద చేసిన పనితో సరిపోయి లెక్కలోంచి జారిపోతుంది. తాడు తెగుతుందా, తట్టుకుంటుందా అని అడిగితే శక్తి దారి మనకు పనికిరాదు. ఇల్లు కట్టేవాళ్లకు, క్రేను నడిపేవాళ్లకు అసలు కావలసింది ఆ తన్యతే.

శక్తి దారి పూర్తిగా ముంచేసే చోటు కూడా ఒకటుంది, అది ఢీకొనడం. 10 గ్రాముల తుపాకీ గుండు సెకనుకు 400 మీటర్ల వేగంతో వచ్చి, తాడుతో వేలాడుతున్న 1.99 కిలోల చెక్కదిమ్మలో దిగబడింది. దిమ్మ ఎంత ఎత్తుకు లేస్తుంది? గుండు గతిజశక్తి 800 జూళ్లు. అదంతా ఎత్తుగా మారిందని రాస్తే 40 మీటర్లు వస్తుంది, అంటే పన్నెండు అంతస్తుల మేడ ఎత్తు. ఆ జవాబు కింద గీత గీసి, బాక్సు కట్టి, నాకు చూపించిన పిల్లలున్నారు. గుద్దుకునే క్షణంలో నిలిచేది ద్రవ్యవేగం మాత్రమే. దాంతో కడితే గుద్దిన వెంటనే వేగం 2. అక్కడి నుంచి పైకి లేచేటప్పుడు శక్తిని వాడొచ్చు, లేచే ఎత్తు 20 సెంటీమీటర్లు. 800 జూళ్లలో 4 మాత్రమే ఊగడానికి మిగిలింది. మిగతా 796 చెక్కను చీల్చడానికి, వేడికి పోయింది. గుండు వేగం కొలవడానికి బెంజమిన్ రాబిన్స్ ఈ ఊగే దిమ్మనే వాడి 1742లో వివరించాడు. అంటే ఈ లెక్క పరీక్ష కోసం పుట్టింది కాదు.

మరి నేర్చుకునే పిల్లలు ఏది ముందు పట్టుకోవాలి? నా మాట సూటిగా చెబుతాను: బలాల దారే ముందు. కనీసం కప్పీలు, వాలు తలాలు, ఘర్షణ చేతికొచ్చేదాకా శక్తి దారిని దగ్గరికి రానివ్వకపోవడమే మంచిది. ఎందుకంటే శక్తి దారిలోనూ ఏ బలం పని చేస్తోంది, ఏది చేయడం లేదు అన్నది ముందు తెలియాలి. అది బొమ్మ గీస్తేనే తెలుస్తుంది.

ఒక ఉదాహరణ. అదే 30 డిగ్రీల వాలు, పొడవు 10 మీటర్లు, కానీ ఈసారి గరుకు తలం, ఘర్షణ గుణకం 0.5. నిలకడ నుంచి వదిలిన దిమ్మ కిందికి చేరేటప్పుడు వేగమెంత? బొమ్మ గీయకుండా శక్తి వరుస రాసిన పిల్లలు ఘర్షణను గుణకం, ద్రవ్యరాశి, గురుత్వ త్వరణాల లబ్ధంగా వేస్తారు. అలా వేస్తే ఘర్షణ తినేసిన శక్తి, ఎత్తు ఇచ్చిన శక్తి సరిగ్గా సమానమై, వేగం సున్నా అని వస్తుంది. కిందిదాకా జారి వచ్చిన దిమ్మకు వేగం లేదట! బొమ్మ గీసిన పిల్లలకు అభిలంబ ప్రతిచర్య, అంటే తలం దిమ్మను తిరిగి నెట్టే బలం, వాలుకు లంబంగా ఉందని కనిపిస్తుంది, బరువులో 0.866 వంతే దానికి వస్తుంది. అప్పుడు వేగం సుమారు 3.66. రెండు జవాబుల మధ్య తేడా ఒక చిన్న బాణం గుర్తు.

పరీక్ష సంగతి కొంచెం వేరు. ఇంజినీరింగ్ ఎంసెట్‌లో, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌లో, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన కాస్త. ఆ టెన్షన్‌లో మూడు రాళ్ల లెక్కకు పేజీ నింపే వ్యవధి ఉండదు. అక్కడ నేను పిల్లలకు చెప్పేది ఇంతే: ప్రశ్నలో కాలం ఉందా చూడండి. కాలం అడగకుండా, ఇవ్వకుండా, వేగం, ఎత్తు, దూరం మాత్రమే ఉంటే శక్తి దారి పట్టండి. కాలమో, త్వరణమో, తన్యతో అడిగితే బలాలు గీయండి. రెండు వస్తువులు గుద్దుకుంటే, విడిపోతే ద్రవ్యవేగంతో మొదలుపెట్టండి. ఇంట్లో సాధన చేసేటప్పుడు మాత్రం ఇలా తూచుకోవద్దు. ఒక దారిలో వచ్చిన జవాబును రెండో దారిలో సరిచూసుకోండి. రోజుకు ఇరవై లెక్కలు ఒక్కో దారిలో చేసే బదులు ఎనిమిది లెక్కలు రెండు దారుల్లో చేసిన పిల్లలే గట్టిపడటం నేను చూశాను.

ఒక్కోసారి రెండు జవాబులు వేరుగా వస్తాయి, రెండూ సరైనవే అవుతాయి. మళ్లీ ఆ స్ప్రింగే తీసుకోండి, ఈసారి పైనుంచి వేలాడదీసి 2 కిలోల బరువు తగిలించండి. బరువు, స్ప్రింగు బలం సమానం అని రాస్తే సాగుడు 10 సెంటీమీటర్లు. శక్తి వరుస రాస్తే 20. పిల్లలు కంగారు పడతారు. చేత్తో పట్టుకుని మెల్లగా దించితే 10 దగ్గర ఆగుతుంది. అలా దించేటప్పుడు బరువు వదులుకున్న 2 జూళ్లలో స్ప్రింగుకు చేరింది 1, ఇంకో జూల్ చేతికి పోయింది. చెయ్యి ఒక్కసారి వదిలేస్తే 20 దాకా దిగి, మళ్లీ పైకి లేచి, ఊగుతుంది. ప్రశ్నలో 'మెల్లగా', 'హఠాత్తుగా' అన్న మాటలను దాటేసి చదివే పిల్లలకు ఇది పెద్ద పాఠం.

చివరగా నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క. నున్నటి అర్ధగోళాన్ని బోర్లించి, శిఖరం మీద చిన్న దిమ్మ పెట్టి సన్నగా కదిపారు. అది జారుతూ జారుతూ ఎక్కడ గోళాన్ని వదిలేసి గాల్లోకి పోతుంది? శక్తి ఒక్కటే చెప్పలేదు, దానికి వదలడం అంటే ఏమిటో తెలియదు. బలాలు ఒక్కటే చెప్పలేవు, వాటికి అక్కడ వేగం తెలియదు. శక్తితో వేగం తెచ్చి, దాన్ని అభికేంద్ర బలం (వంపులో తిరగడానికి కేంద్రం వైపు కావలసిన బలం) వరుసలో పెట్టి, అభిలంబ ప్రతిచర్య సున్నా అయ్యే చోటు వెతికితే, నేల నుంచి వ్యాసార్ధంలో మూడింట రెండొంతుల ఎత్తు దగ్గర, శిఖరం నుంచి సుమారు 48 డిగ్రీల కోణంలో దిమ్మ వదిలేస్తుంది. ద్రవ్యరాశి కొట్టుకుపోయింది, గురుత్వ త్వరణం కూడా కొట్టుకుపోయింది. కాబట్టి గోళం చిన్నదైనా పెద్దదైనా, ఆ దిమ్మ ఇక్కడ జారినా చంద్రుడి మీద జారినా, వదిలేది ఆ 48 డిగ్రీల దగ్గరే.