1977 ఉప్పెన, 2014 హుద్‌హుద్: మనిషి బాగుపడ్డాడా?

మనుషులు నానాటికీ చెడిపోతున్నారని ఒకరు, లేదు బాగుపడుతున్నామని ఇంకొకరు. మా ఇంట్లో ఈ వాదన వచ్చినప్పుడల్లా నాకు రెండు తుఫాన్లు గుర్తొస్తాయి. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన మా పెద్దమ్మ చూసింది. 2014 అక్టోబర్ 12న విశాఖ మీద పడ్డ హుద్‌హుద్ నేను చూశాను. సముద్రం అదే, మధ్యలో 37 ఏళ్లు.

పెద్దమ్మ వాళ్లది నాగాయలంక వైపు. గాలివాన వస్తుందని తెలుసు గానీ సముద్రమే ఊరి మీదికి వస్తుందని తమకెవరూ చెప్పలేదంటుంది. ఆ రాత్రంతా తుమ్మచెట్టు కొమ్మకి చీర కొంగుతో తనని తాను కట్టేసుకుని ఉండిపోయింది, ముళ్లు గుచ్చుకున్న మచ్చలు మోచేతుల మీద ఇప్పటికీ ఉన్నాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవాళ్లు పదివేలకు పైనే. వరి కోతలకని పై ఊళ్ల నుంచి వచ్చిన కూలీల పేర్లు ఏ లెక్కలోకీ ఎక్కలేదని ఆమె బాధ, ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

2014లో మాకు రెండు మూడు రోజుల ముందే విశాఖ పేరు చెప్పేశారు. రాడార్లు, ఉపగ్రహాలు, ఫోన్లకి మెసేజ్‌లు, తీరం పల్లెల నుంచి జనాన్ని ముందే ఖాళీ చేయించడం, ఇవన్నీ ఉన్నాయి. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, ఊళ్లో చెట్టన్నది మిగల్లేదు, కానీ రాష్ట్రంలో చనిపోయినవాళ్లు వంద లోపే. హుద్‌హుద్‌లో దివిసీమ అంత అల రాలేదు కదా అంటే నిజమే, ఒప్పుకుంటాను. అందుకే ఒడిశా వైపు చూడండి: 1999 తుఫానులో పదివేల మంది దాకా పోయారు, 2019లో ఫణి వచ్చినప్పుడు సుమారు పన్నెండు లక్షల మందిని ముందే తరలించారు, అక్కడా మృతులు వంద దాటలేదు.

ఇక గుణం సంగతి. దివిసీమ కోసం ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లోకి వచ్చి జోలె పట్టారు, కూలిపనికి పోయేవాళ్లు కూడా చేతికందింది అందులో వేశారు. హుద్‌హుద్ మర్నాడు మా వీధి చివర కొట్టులో పాల ప్యాకెట్టు రెట్టింపు ధర చెప్పారు, చంకలో పసిబిడ్డ ఉన్న అమ్మాయికి కూడా తగ్గించలేదు, నాకు ఒళ్లు మండిపోయింది. అదే రోజు సాయంత్రం, అంతకుముందు నాలుగేళ్లలో ఒక్కసారి కూడా పలకరించని పక్క ఫ్లాట్ అంకుల్ జనరేటర్ వేసి, బోరు నీళ్లు పట్టుకోండమ్మా అని తలుపు తలుపూ కొట్టారు. 1977లో కూడా శవాల ఒంటి మీద నగలు వలుచుకున్నవాళ్లని చూశానని పెద్దమ్మ చెబుతుంది. అంటే అప్పుడూ ఇద్దరూ ఉన్నారు, ఇప్పుడూ ఇద్దరూ ఉన్నారు. గుణంలో మనం పెద్దగా మారామని నాకైతే అనిపించదు.

అయినా ఏది మేలంటే తడుముకోకుండా 2014 అంటాను. ఆ రోజుల్లో మనుషులు మంచోళ్లు అని మురిసిపోయేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. ఎంత మంచోళ్లున్నా కబురు అందక వేలమంది ఒక్క రాత్రిలో పోయారు. ఇప్పుడు మంచితనం మీద అంత బరువు పడటం లేదు, పని చాలావరకు ఏర్పాట్లే చేస్తున్నాయి. అయితే రెండుసార్లూ ముందు ఎగిరిపోయింది పూరిపాకలే, అది నన్ను కుదురుగా ఉండనివ్వదు.

పెద్దమ్మకి ఇప్పుడు ఎనభై దాటాయి. తుఫాను హెచ్చరిక వినగానే రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, బీపీ మాత్రలు ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తుంది. ఆ తర్వాత కర్ర పట్టుకుని నాలుగిళ్లు తిరిగి, తుఫాను షెల్టర్ తాళం ఈసారి ఎవరి దగ్గరుందో కనుక్కుని వస్తుంది.