లేత్ షాపులో చేయించిన స్ట్రట్ బార్: మూడేళ్ల వాడకం తరవాత

2007 నాటి మా స్విఫ్ట్ 1.3 పెట్రోల్ కారుకు ఉన్న పాత స్ట్రట్ బార్ (బానెట్ కింద రెండు ముందు చక్రాల సస్పెన్షన్ పైకొనలను కలిపే కడ్డీ) పాడైపోగా, ఒడిశాలోని మా రాయగడలోనే ఒక లేత్ షాపులో ఉక్కుతో చేయించుకున్న కొత్త బార్‌ను బిగించి మూడేళ్లు దాటింది. ఈ మూడేళ్లలో కారు సుమారు 28 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజువారీ పనులకు పార్వతీపురం దాకా, నెలకోసారి లక్ష్మీపూర్ ఘాట్ మీదుగా కోరాపుట్ దాకా వెళ్లి వస్తూనే పదకొండు ఆటోక్రాస్ పోటీల్లో (కోన్ల మధ్య ఒక్కో కారునూ నడిపించి సమయం కొలిచే పోటీలు) పాల్గొంది. సాధన మాత్రం మా బావగారి జీడిమామిడి తోట పక్కన ఖాళీగా ఉన్న ఎర్రమట్టి నేలలో చేస్తాను. ఇదే పని మీద ఉన్నవారికి నా అనుభవం ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

స్విఫ్ట్ ముందు భాగంలో ఉన్నది మెక్‌ఫెర్సన్ స్ట్రట్ సస్పెన్షన్, అంటే స్ప్రింగూ డాంపరూ (కుదుపును అణచే భాగం) కలిసి ఒకే స్తంభంగా ఉండే రకం. ఆ స్తంభమే స్ట్రట్. మలుపు తిరిగేటప్పుడు చక్రం మీద పడే భారంలో కొంత స్ట్రట్ పైకొనకు చేరి, దాన్ని పట్టుకున్న టవర్‌ను (బాడీలో చక్రం పైన ఉండే గూడును) పక్కకు నెడుతుంది. ఎడమ, కుడి టవర్లను ఒకదానితో ఒకటి కట్టి, రెండూ కలిసి ఆ భారాన్ని మోసేలా చేయడమే స్ట్రట్ బార్ పని. ఈ కారులో టవర్లు ఫైర్‌వాల్‌కు (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడకు) దగ్గరగానే ఉంటాయి కనుక బాడీ మొదటి నుంచీ కొంత గట్టిదే. బార్ వేయగానే కారు స్వభావం మారిపోతుందని ఆశించకూడదు.

పాత బార్ ఆన్‌లైన్‌లో కొన్నది. అల్యూమినియం గొట్టానికి రెండు చివర్లా ఉక్కు ప్లేట్లు, గొట్టం ప్లేటును కలిసే చోట ఒక్కో బోల్టుతో కీలు ఉండేవి. చూడడానికి ముచ్చటగా ఉండేది. రెండో వానాకాలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుంత దాటినప్పుడల్లా కుడివైపు నుంచి టక్కుమని చప్పుడు మొదలైంది. స్ట్రట్ మౌంట్ (స్ట్రట్ పైకొనను టవర్‌కు పట్టి ఉంచే భాగం) పోయిందనుకుని దాన్ని మార్పించాను, చప్పుడు పోలేదు. చివరకు బార్ విప్పి పట్టుకెళ్తే లేత్ షాపు మేస్త్రి ప్లేటును వెలుతురుకేసి పట్టి చూపించాడు. "గొట్టాన్ని కాదు బాబూ, ఈ కన్నాన్ని చూడండి. కోడిగుడ్డులా అయిపోనాది" అన్నాడు. నిజంగానే 10 మి.మీ. బోల్టు తిరగాల్సిన గుండ్రటి కన్నం ఒకవైపు సాగిపోయి ఉంది, దాని అంచు అద్దంలా మెరుస్తోంది. గొట్టం మీద మాత్రం చిన్న గీత కూడా లేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాను. కొత్త బార్ ఎంపికంతా ఆ లెక్క మీదే నడిచింది. 25 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం, మీటరు పొడవు ఉన్న తిన్నని ఉక్కు గొట్టాన్ని 100 కిలోల బలంతో లాగితే అది సాగేది సుమారు 0.034 మి.మీ. మాత్రమే. అదే కొలతల అల్యూమినియం గొట్టం ఉక్కుకు మూడింతలు, అంటే సుమారు 0.1 మి.మీ. సాగుతుంది. అయితే 10 మి.మీ. బోల్టుకు 10.5 మి.మీ. కన్నం వేస్తే అక్కడే అర మిల్లీమీటరు ఖాళీ ఉంటుంది. బిగువు ఉన్నంతసేపు ప్లేట్ల మధ్య రాపిడి ఆ ఖాళీని కదలనివ్వదు. మట్టి దారి అదురుకు బిగువు సడలితే గొట్టం ఏ లోహమైనా ఒకటే. ఇంకో సంగతి కూడా తేలింది. ఇంజన్‌కు దారి ఇవ్వడం కోసం గొట్టాన్ని టవర్ల ఎత్తు కంటే 50 మి.మీ. పైకి లేపి, చివర్లలో కీళ్లు పెడితే, అదే 100 కిలోల బలానికి గొట్టం వంగి చివర్ల మధ్య దూరం మిల్లీమీటరుకు పైగా మారుతుంది. అంటే సన్నని వంపు బార్ టవర్లను కట్టినట్టు కనబడుతుందే తప్ప నిజానికి కట్టదు. కొనేవారు ముందుగా చూడవలసినవి గొట్టం ఎంత తిన్నగా ఉంది, చివర్ల అతుకు ఎలాంటిది అన్న రెండే. రంగూ మెరుపూ తరవాతి మాట.

మలేషియాకు చెందిన అల్ట్రా రేసింగ్ వారి ఒకే ముక్క ఉక్కు బార్ గురించి కూడా ఆలోచించాను. అక్కడా స్టీరింగ్ కుడివైపే కాబట్టి బ్రేక్ మాస్టర్ సిలిండర్ మన కార్లలో ఉన్న చోటే ఉంటుంది. ఎడమవైపు స్టీరింగ్ ఉన్న దేశాల కోసం చేసిన బార్ కొంటే అది ఆ సిలిండర్‌కు తగలవచ్చు. ఆ బార్ తెప్పించుకున్నా తప్పు లేదు. కానీ మా ఊళ్లో జేకేపూర్ కాగితపు మిల్లుకూ తెరుబలి ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీకీ పని చేసిన చేతులున్నాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఎత్తు కళ్లతో చూసి కొలుచుకుని, గొట్టాన్ని వీలైనంత కిందుగా, తిన్నగా పెట్టించుకోవచ్చు. అందుకే చేయించడానికే మొగ్గు చూపాను. బాడీకి నేరుగా వెల్డింగ్ చేయించే ఆలోచన మాత్రం పెట్టుకోలేదు. అంతర్జాతీయ మోటారు క్రీడల సంఘం ఎఫ్ఐఏ వారి గ్రూప్ ఎన్ (ఫ్యాక్టరీ కార్లను తక్కువ మార్పులతో నడిపే తరగతి) నిబంధనలు కూడా ఇలాంటి బార్ విప్పడానికి వీలుగా, బోల్టులతో బిగించినదై ఉండాలనే అనేవి.

ముందు అట్టముక్కను టవర్ పైన పెట్టి నట్ల గుర్తులు తీసుకుని, 6 మి.మీ. ప్లేటు కోయించాము. కారును చదునైన నేల మీద, నాలుగు చక్రాల మీద నిలబెట్టి, బ్యాటరీ తీగలు విప్పి, గొట్టాన్ని ప్లేట్లకు వెల్డింగ్ చుక్కలతో తాత్కాలికంగా అతికించి, తరవాత బయటకు తీసి పూర్తి వెల్డింగ్ చేశారు. వెల్డింగ్ చల్లారేసరికి లోహం కుంచించుకుని, కన్నాల మధ్య దూరం దాదాపు 2 మి.మీ. తగ్గింది. నట్లతో లాగి బిగించేద్దామని షాపులో కుర్రవాడు అన్నాడు. అలా చేస్తే బార్ టవర్లను లోపలికి గుంజి, క్యాంబర్‌ను (చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వాలే కోణాన్ని) మార్చేస్తుంది. మేస్త్రి ఒక చివర కోసి, ఈసారి ప్లేట్లను మందమైన ఇనుప పలకకు బిగించి మళ్లీ వెల్డింగ్ చేశాడు. బార్ చేత్తో పెడితే దానంతట అదే నట్ల మీద కూర్చుంది. చేయించుకునేవారు ఈ పరీక్ష జరిగేదాకా డబ్బు చేతికి ఇవ్వవద్దు.

వాడకంలో తేడా చెప్పాలంటే, ఊళ్లో ఏమీ తెలియదు. ఘాట్‌లో మలుపు మధ్యలో గతుకు తగిలినప్పుడు స్టీరింగ్‌ను రెండోసారి సరిదిద్దుకోవలసిన అవసరం తగ్గింది. ఆటోక్రాస్‌లో కోన్ల మధ్య ఎడమ నుంచి కుడికి చటుక్కున తిప్పేటప్పుడు ముందు భాగం చేతికి కొంత త్వరగా బదులిస్తుంది. టైర్లు అరిగిన రోజున మాత్రం ఆ మేలు కూడా కనబడలేదు. టైర్లకూ డాంపర్లకూ పెట్టవలసిన డబ్బును తీసి ముందుగా దీని మీద పెట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం. వెనక బార్ కూడా కొన్నాళ్లు వేసి చూశాను, దానివల్ల డిక్కీలో చోటు తగ్గడం తప్ప నాకేమీ ఒరగలేదు.

లోపాలూ ఉన్నాయి. కీళ్లు లేవు కనుక ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయాలంటే టవర్ నట్లే విప్పాలి. ఆ పని చక్రాలు నేల మీద ఉన్నప్పుడే చేస్తాను. నైలాక్ నట్లు (లోపల నైలాన్ వలయం ఉండి సడలకుండా పట్టే నట్లు) విప్పి మళ్లీ వేస్తే పట్టు తగ్గుతుంది కాబట్టి ఇప్పుడు ప్రతిసారీ కొత్తవే వేస్తాను. మొదటి ఏడాది ప్లేటు కింద ఎర్రదుమ్ము, వాన నీరు చేరి టవర్ పెయింట్ లేచి తుప్పు పట్టింది. గీకి, జింక్ ప్రైమర్ పూసి, పలుచగా గ్రీజు రాశాక అది ఆగింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇంకొకటి. ఒకసారి సాధనలో ఎడమ చక్రం గట్టును బలంగా కొట్టింది. అలైన్‌మెంట్ చూపిస్తే, దెబ్బ తగలని కుడివైపు క్యాంబర్ కూడా కొద్దిగా మారి ఉంది. గట్టి బార్ ఒక టవర్ దెబ్బను రెండో టవర్‌కు చేరవేస్తుంది. కాబట్టి గట్టి దెబ్బ తగిలితే రెండు వైపులా కొలిపించాలి.

ప్రతి నట్టు మీద నుంచి ప్లేటు మీదికి మా ఆవిడ గోళ్ల రంగుతో సన్నని గీత గీసి ఉంచాను. నట్టు ఏమాత్రం కదిలినా ఆ గీత తెగి పక్కకు జరుగుతుంది. పోటీ అయిన ప్రతిసారీ బానెట్ ఎత్తి మొదట చూసేది దాన్నే. మూడేళ్లలో రెండుసార్లు జరిగింది, రెండూ పాత నైలాక్ నట్టే మళ్లీ వేసినప్పుడు. కిందటి నెల పోటీ తరవాత చూస్తే గీతలన్నీ తిన్నగానే ఉన్నాయి, వెల్డింగ్ అంచుల్లో పగులు లేదు, కన్నాలు గుండ్రంగానే ఉన్నాయి.