ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కేప్‌టౌన్, విండ్‌హుక్: డైరెక్టా, వన్ స్టాపా, విడి టికెట్లా?

యూరప్ నుంచి ఆఫ్రికా దక్షిణ కొసకు టికెట్ వెతికితే మూడు దారులు కనబడతాయి. రాత్రి ఎక్కితే పొద్దున్నే దింపే డైరెక్ట్ ఫ్లైట్ ఒకటి. అడిస్ అబాబా, దోహా, దుబాయ్, ఇస్తాంబుల్‌లలో ఎక్కడో ఒకచోట మారే వన్ స్టాప్ రెండోది. చవగ్గా దొరికిన టికెట్లను విడివిడిగా కొని మనమే అతుకు వేసుకునేది మూడోది. తెర మీద చూస్తే మూడోదే చవక. సూట్‌కేసుతో సహా హోటల్‌కి చేరేదాకా అయ్యే ఖర్చు కూడితే మాత్రం చాలాసార్లు అదే ఖరీదు.

డైరెక్ట్ ఫ్లైట్

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి జోహన్నెస్‌బర్గ్ దాదాపు 8,700 కిలోమీటర్లు, పదిన్నర గంటల ప్రయాణం. కేప్‌టౌన్‌కి ఇంకో గంట పడుతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువుగా దిగడమే కాబట్టి టైమ్ తేడా దాదాపు ఉండదు: జర్మనీలో వేసవి అయితే సున్నా, చలికాలమైతే ఒక్క గంట. పొద్దున దిగి మధ్యాహ్నానికి కారు తీసుకుని బయల్దేరవచ్చు. పది రోజుల సెలవులో ఇది ఒక రోజు మిగిల్చినట్టే.

జోహన్నెస్‌బర్గ్, కేప్‌టౌన్‌లకు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లుఫ్తాన్సా, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కేఎల్ఎం నడుపుతాయి. నమీబియా రాజధాని విండ్‌హుక్‌కి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి డిస్కవర్ ఉంది. చలికాలంలో కేప్‌టౌన్‌కి కాండోర్ కూడా వెళ్తుంది. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌కి దూరంగా ఉండేవాళ్లు రైల్ అండ్ ఫ్లై (విమాన టికెట్‌తో కలిపి కొనే రైలు టికెట్) కూడా కలుపుకుంటే విమానాశ్రయం దాకా రైలు ఖర్చు బాగా తగ్గుతుంది.

ధర అంతా నెలను బట్టి. మే నెల, జూన్ మొదటి సగం అన్నిటికన్నా చవక. అక్కడ చలికాలం మొదలవుతుంది, ఇక్కడ బడులు నడుస్తుంటాయి. డిసెంబర్ మధ్య నుంచి జనవరి మొదటి వారం దాకా రేటు దాదాపు రెట్టింపు. అక్కడి బడి సెలవులు, ఇక్కడి చలి తప్పించుకు పారిపోయేవాళ్లు ఒకేసారి పడతారు. డిసెంబర్‌కి చివరి నిమిషంలో తగ్గుతుందని కూర్చుంటే సీటే దొరకదు.

మోసపోయేది లైట్ ఫేర్ (అన్నిటికన్నా చవక రకం టికెట్) దగ్గర. మొదట కనబడే ధరలో చాలాసార్లు చెకిన్ బ్యాగ్ ఉండదు. రానూ పోనూ బ్యాగ్ డబ్బు కలిపాకే పక్కదానితో పోల్చాలి.

వన్ స్టాప్, ఒకే టికెట్

వన్ స్టాప్‌లన్నీ ఒకటి కావు. అడిస్ అబాబా దాదాపు దారిలోనే ఉంది: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఏడు గంటలు, అక్కణ్ణుంచి జోహన్నెస్‌బర్గ్ ఐదున్నర. దోహా మీదుగా వెళ్తే తూర్పుకి వెళ్లి వెనక్కి రావడమే, రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ. విండ్‌హుక్, హరారే, లుసాకా, విక్టోరియా జలపాతం లాంటి చిన్న గమ్యాలకు అడిస్ కేంద్రంగా నడిచే ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ బలం వేరు. జోహన్నెస్‌బర్గ్‌లో ఇంకోసారి మారకుండా అడిస్ నుంచే తీసుకెళ్తుంది. చాలా రూట్లలో రెండు 23 కిలోల బ్యాగులు ధరలోనే ఉంటాయి. టికెట్ మీద '2పీసీ' (రెండు బ్యాగులు) అని ఉందో '0పీసీ' (బ్యాగ్ లేదు) అని ఉందో చూసుకోండి.

ఇక లేఓవర్, అంటే విమానం మారేచోట ఆగే సమయం. తెర మీద 50 యూరోలు తక్కువకు కనబడే టికెట్లో అడిస్‌లోనో నైరోబీలోనో 13 గంటల ఆగుడు ఉందనుకుందాం. పసుపు జ్వరం ముప్పున్న దేశాల విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగితే, ట్రాన్సిట్ అయినా సరే, దక్షిణాఫ్రికా టీకా సర్టిఫికెట్ అడుగుతుంది. ఏడాది దాటిన పిల్లలకూ కావాలి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది కాబట్టి ప్రయాణానికి వారం ముందు గుర్తొస్తే లాభం లేదు. కార్డు లేకపోతే ఫ్రాంక్‌ఫర్ట్ కౌంటర్‌లోనే ఆపేయవచ్చు. 13 గంటలది వదిలేసి 3 గంటలది తీసుకుంటే ఈ గొడవే లేదు. దోహా, దుబాయ్, ఇస్తాంబుల్ మీదుగా వెళ్లినా ఈ గొడవ ఉండదు.

ఆలస్యమైతే వచ్చే పరిహారంలోనూ తేడా ఉంది. యూరోపియన్ యూనియన్ నుంచి బయల్దేరే ఏ కంపెనీకైనా ఈయూ 261 నియమం వర్తిస్తుంది. ఒకే బుకింగ్ అయితే అడిస్‌లో కనెక్షన్ తప్పినా గమ్యానికి ఎంత ఆలస్యంగా చేరారన్నదే లెక్క. నాలుగు గంటలు దాటితే 600 యూరోలు. మూడు నుంచి నాలుగు గంటల మధ్య అయితే సగానికి తగ్గించవచ్చు. తుఫాను లాంటి కారణాలకు ఏమీ రాదు. తిరుగు ప్రయాణంలో మాత్రం యూరప్ కంపెనీ అయితేనే ఈ రక్షణ. జోహన్నెస్‌బర్గ్ నుంచి గల్ఫ్ కంపెనీలోనో ఆఫ్రికా కంపెనీలోనో వస్తే లేదు.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఇది చాలామంది పట్టించుకోని సంగతి: విమాన పన్ను బయల్దేరే దేశాన్ని బట్టి ఉంటుంది. దూర ప్రయాణానికి జర్మనీ విమాన పన్నును 2024 మే 1న 70.83 యూరోలకు పెంచారు. ఫ్రాన్స్ 2025 మార్చి నుంచి దూరాలకు ఎకానమీలో 40 యూరోలు తీసుకుంటోంది. స్వీడన్ 2025 జులై 1న ఈ పన్నే తీసేసింది, ఐర్లండ్ 2014లోనే తీసేసింది. స్టాక్‌హోమ్‌లో మొదలై ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారే ఒకే టికెట్‌కి జర్మనీ పన్ను పడదు. నలుగురి కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు.

అలాగని స్టాక్‌హోమ్ టికెట్ కొని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కుదామనుకోకండి. మొదటి ముక్క ఎక్కకపోతే కంపెనీ మిగతా టికెట్ అంతా, రిటర్న్‌తో సహా, రద్దు చేస్తుంది. స్టాక్‌హోమ్ వెళ్లే ఖర్చు, ముందు రాత్రి గది కలిపి చూస్తే ఆ ఊళ్లోనో పక్కనో ఉండేవాళ్లకే ఇది గిట్టుబాటు.

విడి టికెట్లు

ఉదాహరణకు అంకెలు వేసి చూద్దాం. జోహన్నెస్‌బర్గ్‌కి వన్ స్టాప్ రిటర్న్ 590 యూరోలు, అక్కణ్ణుంచి కేప్‌టౌన్‌కి లోకల్ చవక విమానం రానూ పోనూ 100, దానికి బ్యాగ్ 30, మధ్యలో రాత్రి గది 60. మొత్తం 780. అదే వారం కేప్‌టౌన్‌కి ఒకే టికెట్ 760కి దొరుకుతుంటే మనం ఇరవై యూరోలు ఎక్కువిచ్చి తిప్పలు కొనుక్కున్నట్టు.

జోహన్నెస్‌బర్గ్‌లో జరిగేది ఇదీ: ఇమిగ్రేషన్ క్యూ, బెల్టు దగ్గర బ్యాగ్ కోసం ఎదురుచూపు, కస్టమ్స్, బయటికొచ్చి డొమెస్టిక్ వైపు నడక, మళ్లీ బ్యాగ్ డ్రాప్. ఒకే టికెట్ ఉన్నా ఇక్కడ బ్యాగ్ తీసుకుని మళ్లీ ఇవ్వాల్సిందే, కానీ ఆలస్యమైతే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత కంపెనీది. విడి టికెట్‌లో రెండో కంపెనీకి మీ మొదటి విమానంతో సంబంధం లేదు. డబ్బు పోయినట్టే. అందుకే కనీసం ఆరు గంటల ఖాళీ, వీలైతే ఒక రాత్రి ఉంచుకోవాలి. తిరుగు దారిలో ముందు రోజు సాయంత్రానికే జోహన్నెస్‌బర్గ్ చేరాలి.

ఇంకో ఉచ్చు లాన్సేరియా. చవక డొమెస్టిక్ విమానాలు కొన్ని జోహన్నెస్‌బర్గ్ ప్రధాన విమానాశ్రయం ఓఆర్ టాంబో నుంచి కాక ఊరికి అవతలి పక్కనున్న ఆ చిన్న విమానాశ్రయం నుంచి ఎగురుతాయి. టికెట్ మీద హెచ్ఎల్ఏ అని ఉంటే అదే. రెండిటికీ మధ్య ట్రాఫిక్‌లో గంట పైనే.

జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉంటూ భారత పాస్‌పోర్ట్ మీద వెళ్లే మన తెలుగువాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. విడి టికెట్లతో జోహన్నెస్‌బర్గ్ మీదుగా విండ్‌హుక్ వెళ్దామంటే బ్యాగ్ కోసం బయటికి రావాలి, అంటే దక్షిణాఫ్రికా వీసా కావాలి. యూరప్ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా అది తప్పదు.

ఎలా వెతకాలి, ఎక్కడ కొనాలి

గూగుల్ ఫ్లైట్స్ క్యాలెండర్‌లో నెలంతా చూసి మంగళ, బుధవారాలు నొక్కి చూడండి. ధర అలర్ట్ పెట్టుకోండి. కేప్‌టౌన్‌లో దిగి విండ్‌హుక్ నుంచి తిరిగొచ్చేవాళ్లు రెండు వన్‌వేలు కొనకండి. పాత పెద్ద కంపెనీల దగ్గర దూరాలకు వన్‌వే ఒక్కోసారి రిటర్న్ కన్నా ఎక్కువ. 'మల్టీ సిటీ'లో వెతికితే రెండు రిటర్న్‌ల సగాలు కలిపిన ధర వస్తుంది, అదే సరైన లెక్క. కాండోర్, డిస్కవర్ లాంటివి వన్‌వేలు విడిగా ధర కడతాయి కాబట్టి అక్కడ మాత్రం రెండూ చూడాలి.

దొరికాక కంపెనీ సైట్‌లోనే కొనండి. ఏజెంట్ సైట్‌లో 20 యూరోలు తగ్గినా, టైమ్ మారినప్పుడు కంపెనీ ఏజెంట్‌ని అడగమంటుంది, ఏజెంట్ కంపెనీని అడగమంటాడు. 24 గంటల్లో ఉచితంగా రద్దు అన్నది అమెరికా నియమం, యూరప్‌లో అలాంటి హక్కు లేదు. పేరు, తేదీ సరిచూసుకోకుండా 'పే' నొక్కకండి.

మా తీర్పు: విండ్‌హుక్, విక్టోరియా జలపాతం, హరారేలకు అడిస్ మీదుగా చిన్న లేఓవర్ ఉన్న ఒకే టికెట్. కేప్‌టౌన్‌కి మే, జూన్‌లలో డైరెక్ట్, మిగతా నెలల్లో బ్యాగ్ కలిపాక తేడా 120 యూరోలు దాటితేనే వన్ స్టాప్. చిన్న పిల్లలుంటే 200 దాకా పెట్టినా డైరెక్టే. విడి టికెట్లు జోహన్నెస్‌బర్గ్‌లో ఎలాగూ ఒకట్రెండు రోజులు ఉండేవాళ్లకు.