‘టీన్ టైటాన్స్ గో!’ పిల్లలతో కలిసి చూడదగినదేనా? అయిదేళ్లు చూశాక నా అభిప్రాయం

మా అమ్మాయికి 6 ఏళ్లు, అబ్బాయికి 3 ఏళ్లు ఉన్నప్పుడు మా ఇంట్లో ‘టీన్ టైటాన్స్ గో!’ అనే కార్టూన్ సీరీస్ చూడడం మొదలైంది. ఇప్పుడు వాళ్లకు 11, 8. మేము ఉండేది న్యూజెర్సీలో. శుక్రవారం సాయంత్రం బడి నుంచి రాగానే పిల్లలు సంచులు పక్కన పడేసి మొదట వెతికేది టీవీ రిమోట్‌నే. అందువల్ల ఈ అయిదేళ్లలో ఈ సీరీస్‌ను కొంత వంటింట్లోంచి విన్నాను, కొంత బట్టలు మడతపెడుతూ చూశాను, ఎక్కువ భాగం మాత్రం సోఫాలో ఇద్దరి మధ్యా కూర్చుని చూశాను. తెలిసినవాళ్లెవరైనా ‘మా పిల్లలకు పెట్టవచ్చా’ అని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పలేను. పిల్లల వయసెంత, వాళ్లు చూసేటప్పుడు పక్కన ఎవరుంటారు అన్నవి తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. టీన్ టైటాన్స్ అనేది డీసీ కామిక్స్‌లో 1964 నుంచి ఉన్న బాలవీరుల బృందం. 1980లో రచయిత మార్వ్ వుల్ఫ్‌మన్, చిత్రకారుడు జార్జ్ పెరెజ్ కలిసి దానికి కొత్త రూపం ఇచ్చి రేవెన్, స్టార్‌ఫైర్, సైబోర్గ్ పాత్రలను తెచ్చారు. 2003 నుంచి 2006 వరకు ఇదే బృందంతో కొంచెం గంభీరంగా సాగే కార్టూన్ సీరీస్ ఒకటి వచ్చింది. ఆ పాత్రలనే తీసుకుని, ఆ అయిదుగురికి గొంతు ఇచ్చిన నటులతోనే, 2013 ఏప్రిల్‌లో కార్టూన్ నెట్‌వర్క్ ఈ హాస్య సీరీస్‌ను మొదలుపెట్టింది. ఒక్కో కథ సుమారు 11 నిమిషాలు ఉంటుంది. ఇందులో దుర్మార్గులతో పోరాటం పేరుకే. ‘టీ’ అక్షరం ఆకారంలో కట్టిన మేడలో ఉండే రాబిన్, స్టార్‌ఫైర్, రేవెన్, బీస్ట్ బాయ్, సైబోర్గ్ తిండి గురించి, సోఫా గురించి, ఎవరి మాట నెగ్గాలన్న దాని గురించి పడే గొడవలే అసలు కథ. మొట్టమొదటి కథలోనే రేవెన్ తనకు ఇష్టమైన గుర్రాల కార్టూన్‌ను ప్రశాంతంగా చూసుకోవడం కోసం, ఒక మహిమగల శాండ్‌విచ్ ఉందని చెప్పి, దాని దినుసులు తెమ్మని మిగతా నలుగురినీ తలా ఒక దిక్కుకు పంపించేస్తుంది. సీరీస్ స్వభావమంతా ఆ ఒక్క కథలోనే తెలిసిపోతుంది.

అమెరికాలో దీనికి ఇచ్చిన రేటింగ్ టీవీ-పీజీ. చిన్నపిల్లలకు తగని విషయాలు కొన్ని ఉండవచ్చు, పెద్దల మార్గదర్శనం మంచిది అని దాని అర్థం. మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం ఓటీటీలకు పెట్టిన యూ/ఏ 7+, యూ/ఏ 13+ వంటి గుర్తులకు అలవాటుపడినవారు దీన్ని కూడా వయసు గీతలాగే చదువుతారు. కానీ పీజీ అనేది వయసు చెప్పే గుర్తు కాదు, పెద్దలకు పని అప్పగించే గుర్తు. ఈ తేడాను నేను మొదట్లో పట్టించుకోలేదు.

కొట్లాటల విషయంలో నాకు పెద్దగా అభ్యంతరం లేదు. దెబ్బలు తగులుతాయి, పేలుళ్లు జరుగుతాయి, పాత్రలు నలిగి మళ్లీ మామూలుగా లేచి నిలబడతాయి. బొమ్మల శైలి కూడా గుండ్రంగా, ముద్దుగా ఉండడం వల్ల భయం కలగదు. రేవెన్ తండ్రి ట్రైగన్ ఎర్రటి ఒళ్లు, కొమ్ములు ఉన్న రాక్షసుడు కాబట్టి 3 ఏళ్ల పిల్లవాడు జడుసుకుంటాడని అనుకున్నాను. మావాడు జడుసుకోలేదు, ఎందుకంటే ఇక్కడ ట్రైగన్ కూతురి స్నేహితులను మంచి చేసుకోవాలని తంటాలు పడే తండ్రిగానే ఎక్కువగా కనిపిస్తాడు.

నాకు పట్టింపు వచ్చింది ఎగతాళి దగ్గర. రాబిన్‌కు మహిమలేవీ లేవు, అతని చేతులు పసిపాప చేతుల్లా చిన్నవి అని మిగతావాళ్లు పదేపదే ఆటపట్టిస్తారు. కాళ్ల మీద, పిరుదుల మీద హాస్యం లెక్కలేనన్ని సార్లు వస్తుంది. ఒక్క కథలో చూస్తే నవ్వు వస్తుంది, హాని ఏమీ కనిపించదు. నెలల తరబడి వారానికి పది కథలు చూసిన పిల్లవాడికి మాత్రం ఒంటిని చూసి నవ్వడం మామూలు మాట అయిపోతుంది. మావాడికి 5 ఏళ్లప్పుడు సంక్రాంతికి నాలుగు కుటుంబాలు మా ఇంట్లో కలిశాయి. భోజనాల దగ్గర అప్పడం విరుచుకోవడానికి అవస్థపడుతున్న తనకంటే చిన్న పిల్లవాణ్ని చూసి మావాడు ‘బేబీ హ్యాండ్స్’ అని పెద్దగా అన్నాడు. మిగతా పిల్లలు అందుకున్నారు. ఆ పిల్లవాడు అప్పడం విస్తరిలో వదిలేసి, చేతులు రెండూ బల్ల కింద దాచుకుని, చివరిదాకా అన్నం తినలేదు. వాడి అమ్మ ఏమీ అనలేదు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దీనికి నేను కార్టూన్‌ను తప్పుపట్టను. ఆ మాట ఆ కథలో ఎందుకు నవ్వు తెప్పించిందో, బయట ఎందుకు నవ్వు కాదో వాడికి చెప్పాల్సిన మనిషిని నేను. ఆ నెలంతా సాయంత్రాలు పిల్లలను టీవీ ముందు కూర్చోబెట్టి పని చూసుకున్నదీ నేనే.

ఆ మరుసటి సంవత్సరం మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉంది. ‘వాఫల్స్’ అనే కథలో బీస్ట్ బాయ్, సైబోర్గ్ ఇద్దరూ ‘వాఫల్స్’ అన్న మాట తప్ప మరో మాట అనకూడదని పందెం వేసుకుంటారు. అది చూసిన మావాడు రెండు రోజులు ఏమడిగినా ‘వాఫల్స్’ అనే జవాబు చెప్పాడు. అమ్మ పొద్దున్నే దోసె పోస్తూ ‘ఏం వేసుకుంటావు నాన్నా, పచ్చడా, పొడా?’ అని అడిగితే ‘వాఫల్స్’ అన్నాడు. పిల్లవాడికి దోసె వద్దు కాబోలు, ఇంకేదో కావాలి కాబోలు అనుకుని ఆవిడ స్టవ్ కట్టేసి నన్ను పిలిచింది. నేను విషయం చెప్పేసరికి ఆవిడ ముఖం చిన్నబోయింది. అప్పుడు మా అమ్మాయి చేసిన పని నాకు ఇప్పటికీ గుర్తుంది. సాయంత్రం అమ్మమ్మను సోఫాలో కూర్చోబెట్టి, ఆ కథే పెట్టి, అర నిమిషానికోసారి ఆపుతూ ‘అమ్మమ్మా, ఇప్పుడు వీళ్లిద్దరికీ కోపం వచ్చింది గానీ చెప్పలేరు, చెబితే పందెం ఓడిపోతారు’ అని తన తెలుగులో వివరించింది. 11 నిమిషాల కథకు ముప్పావు గంట పట్టింది. అమ్మ బాగా నవ్వింది. తర్వాతి రోజుల్లో ఇంకా కొన్ని చూసింది. చూసి ఒక మాట అడిగింది: ‘ఈ పిల్లలకు ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరా?’

అప్పటిదాకా నేను అంతసేపు చూసి కూడా ఆ కోణంలో ఆలోచించలేదు. నిజంగానే ఆ మేడలో పెద్దలు ఎవరూ లేరు. రాబిన్ నాయకుడే గానీ అతనూ వాళ్ల ఈడు పిల్లవాడే. పైగా అసూయ, మొండితనం అందరికంటే అతనికే ఎక్కువ. ఎవరు అబద్ధం ఆడినా, ఎవరు ఎవరిని ఏడిపించినా ‘ఇది బాగాలేదు’ అని చెప్పే గొంతు ఆ కథల్లో ఉండదు. ఉన్నా దాన్ని వెంటనే నవ్వులపాలు చేస్తారు. ఈ సీరీస్ హాస్యమంతా నీతి కథలను తలకిందులు చేయడంలోనే ఉంది. కథ చివరికి పాత్రలు ఏదో నేర్చుకున్నట్టు కనిపిస్తారు, మరుక్షణమే అది తప్పు పాఠమని తేలుతుంది. 9, 10 ఏళ్ల పిల్లలకు ఈ మెలిక అర్థమై, ‘వీళ్లు ఎంత తెలివితక్కువగా చేస్తున్నారో చూడు’ అనే నవ్వు వస్తుంది. 5 ఏళ్ల పిల్లవాడికి ఆ మెలిక తెలియదు. వాడికి కనిపించేది, గట్టిగా అరిచినవాడు నెగ్గడం, వెక్కిరించినవాడిని అందరూ మెచ్చుకోవడం. ఒకే సోఫాలో కూర్చున్న మా ఇద్దరు పిల్లలూ ఒకే చోట నవ్వేవారు, కానీ వాళ్లు నవ్విన కారణాలు వేరు. ఎందుకు నవ్వావని విడివిడిగా అడిగితే తప్ప అది నాకు తెలియలేదు.

మంచి లేకపోతే అయిదేళ్లు చూడనిచ్చేదాన్ని కాదు. తిండిని నమలకుండా మింగేసే సైబోర్గ్, బీస్ట్ బాయ్‌ల మీద ఒక కథ ఉంది. అందులో పళ్లకు ‘నవ్వు ఎముకలు’ అని పేరు పెట్టారు. ఆ కథ చూశాక మావాడికి ‘నవ్వు ఎముకలతో నములు’ అంటే చాలు, ముద్ద నమిలి మింగేవాడు. నేను రెండేళ్లు చెప్పినా జరగని పని అది. బీస్ట్ బాయ్ మాంసం తినడు. మేము శాకాహారులం. బడిలో మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ‘నువ్వు చికెన్ ఎందుకు తినవు’ అన్న ప్రశ్న మావాడికి తరచూ ఎదురయ్యేది. తనకు ఇష్టమైన వీరుడు కూడా తినడన్న మాట వాడికి ఆ బల్ల దగ్గర ఎంత బలం ఇచ్చిందో వాడు చెబితే విన్నాను. పాటలు, సంగీతం బాగుంటాయి, బొమ్మల్లో వేగం, రంగుల ఎంపిక బాగుంటాయి. 2003 నాటి సీరీస్‌ను ప్రేమించిన పెద్దల విమర్శలకు వీళ్లు ఒక కథలో ఇచ్చిన జవాబు నాకు చాలా నచ్చింది. పిల్లల పార్టీలో ఆడించే బఫూన్ తమకు సరదాగా అనిపించలేదని సైబోర్గ్, బీస్ట్ బాయ్ అతన్ని తమకు నచ్చేట్టు మార్చేస్తారు, అది వికటిస్తుంది. చిన్నపిల్లల కోసం చేసినదాన్ని పెద్దల కొలతతో కొలవడం ఎంతవరకు సబబు అన్న ప్రశ్న అందులో ఉంది. సమీక్ష రాసే నాలాంటివాళ్లు చూడవలసిన కథ అది.

ఈ సీరీస్ పాత్రలతోనే 2018లో వచ్చిన సినిమా గురించి మాత్రం విడిగా చెప్పాలి. సీరీస్ చూసే అలవాటు ఉంది కదా అని సినిమాను ముందుగా చూడకుండా పిల్లలకు పెట్టకండి. అందులో టైటాన్స్ కాలంలో వెనక్కి వెళ్లి, తాము చెడగొట్టిన వీరుల కథలను సరిచేయడం కోసం, చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకుని వీరుడైన బ్యాట్‌మ్యాన్ కథ మళ్లీ అలాగే జరగాలని, అతని తల్లిదండ్రులను వాళ్లు చనిపోయే సందులోకి తామే తోసేస్తారు. బ్యాట్‌మ్యాన్ కథ తెలిసిన పెద్దలకు అది హాస్యం. కానీ మా అమ్మాయి అప్పటికి ఆ కథ తెలిసిన 8 ఏళ్ల పిల్ల, ఆ దృశ్యం దగ్గర మౌనంగా అయిపోయింది. సినిమా చిట్టచివర రాబిన్ పిల్లలవైపు తిరిగి, పాపలు ఎలా పుడతారో మీ అమ్మానాన్నలను అడగండి అంటాడు. మా ఇంట్లో వెంటనే ఆ ప్రశ్న వచ్చింది. వయసుకు తగ్గట్టు జవాబు చెప్పాను, ఆ సంభాషణ జరిగినందుకు ఇప్పుడు సంతోషంగానే ఉంది. కానీ తాతయ్య, నాయనమ్మలు కూడా కూర్చున్న గదిలో సిద్ధంగా లేని తల్లికి అది ఇబ్బందే.

ఆడపిల్లల తల్లిదండ్రులు గమనించవలసింది ఇంకొకటి ఉంది. రాబిన్‌కు స్టార్‌ఫైర్ అంటే విపరీతమైన ఇష్టం, ఆమె అతన్ని స్నేహితుడిగానే చూస్తుంది. ఆమె వద్దన్నట్టు తెలిసినా అతను వెంటపడడం ఈ సీరీస్‌లో ఒక శాశ్వత హాస్యం. తెలుగు సినిమాల్లో తరాలుగా చూసిన ధోరణే కాబట్టి మొదట నాకు ప్రత్యేకంగా అనిపించలేదు. మా అమ్మాయికి 10 ఏళ్లు వచ్చాక ఒకరోజు తనే ‘ఆమె కాదంది కదా, మళ్లీ ఎందుకు అడుగుతున్నాడు?’ అని విసుక్కుంది. ఆ ప్రశ్న అడగగలిగిన వయసులో చూస్తే ఆ దృశ్యాలు మాట్లాడుకోవడానికి పనికొస్తాయి. 6 ఏళ్లకు చూస్తే అవి ప్రశ్న లేకుండా లోపలికి వెళ్లిపోతాయి.

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇది. వరసగా రెండు కథలు, అంటే సుమారు 22 నిమిషాలు. తర్వాతి కథ దానంతట అదే మొదలయ్యే ఏర్పాటును సెట్టింగ్స్‌లో ఆపేశాను, ఎందుకంటే పొట్టి కథల సీరీస్‌లో పిల్లలు ‘ఇంకొక్కటే’ అంటూ గంట దాటించేది దాని వల్లనే. మా అబ్బాయి చూస్తున్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరైనా గదిలో ఉంటాం. మా అమ్మాయి ఒంటరిగా చూసినా నాకు అభ్యంతరం లేదు. ఆమె ఇప్పుడు 2003 సీరీస్ వైపు మళ్లింది, నాకు అదే ఇంకా బాగుందనిపిస్తుంది.

6 ఏళ్లలోపు పిల్లలున్న ఇంట్లో దీన్ని మొదలుపెట్టవద్దనే చెబుతాను. ఇంట్లో పెద్ద పిల్లలు చూస్తుంటే చిన్నవాళ్లను ఆపలేం, అది నాకు తెలుసు. అలాంటప్పుడు పెద్ద పిల్లలకు చూసే వేళ వేరుగా పెట్టండి, మావాడి విషయంలో నేను చేయనిది అదే. 7, 8 ఏళ్ల పిల్లలకు పక్కన కూర్చుని చూపించవచ్చు. 9 దాటినవారికి నిశ్చింతగా పెట్టవచ్చు, సినిమాను మాత్రం ముందు మీరు ఒకసారి చూడండి. అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చి ఉన్న నెలల్లో అయితే మాట అర్థం చెప్పే బాధ్యత పెద్ద పిల్లలకు అప్పగించండి, ఆ పిల్లల తెలుగు కూడా నిలబడుతుంది.